అప్పగింతల్ల జపాన్ పాట

నాకు జపాన్ భాష రాదు. ముందుగాలనే చెప్తాన, మళ్ళ ఎవ్వలన్న పట్టుకొని "ఏదీ, ఒక్క ముక్క మాట్లాడు" అంటె నాకు కోపమొస్తది. ఏడు నెలలు నేర్చుకున్న, రెండుసార్లు పరీక్ష రాసిన, రెండుసార్లూ తప్పిన. గని గా ఏడు నెలలల్ల నెత్తికెక్కిన పాటలు మాత్రం ఇప్పటిదాంక దిగలే. నాతోని ఆగినా బాగుండు, మా బాపుకు కూడ ఎక్కినయ్. అసలు కథ గాడ షురూ అయింది.

అప్పుడు నేను మహబూబాబాద్‌ల ఒక ప్రైవేటు దవాఖానల నర్సుగ చేస్తున్న. జపాన్‌ల ముసలోళ్ళను చూసుకునే కొలువులు ఉన్నయని, భాషొస్తె చాలని ఎవరో చెప్పిండ్రు. డ్యూటీ దిగినంక ఒక టిఫిన్ సెంటర్ మీది రూముల క్లాసులకు పోయేదాన్ని. కింద దోసెలు, పైన జపాన్. నూనె వాసనల అక్షరాలు దిద్దుడు. మా టీచరమ్మ గా దేశంల నాలుగేండ్లు ఉండి వచ్చింది. అక్షరాలకంటె ముందు మాకు పాటలే వినిపిచ్చింది. "అక్కడి ముసలోళ్ళు నెలరోజులైనా మీతోని నోరిప్పరు. ఒక్క ఎన్కా పాట కూనిరాగం తీస్తె చాలు, మీ చెయ్యి ఇడువరు" అని చెప్పింది. ఎన్కా అంటె వాళ్ళ పాతకాలపు పాటలు. మన తాతలు రేడియోకు చెవి ఆనిచ్చి పాత సినిమా పాటలు విన్నట్టు, వాళ్ళు గివి వింటరన్నమాట. ఒకప్పుడు లక్షలకు లక్షలు రికార్డులు అమ్ముడువోయిన పాటలన్నీ ఒక్కకాడ కుట్టిన గంటన్నర యూట్యూబ్ వీడియో లింకు ఒకటి మా ఫోన్లకు పంపింది.

ఆ పాటలల్ల ఏముంటదనుకున్నరు? దుఃఖం! ఎవరో ఒకరు పోతనే ఉంటరు. పోయేటోడు పడవెక్కుతడు, ఉన్నామె రేవు కాడ నిలబడి ఏడుస్తది. పడవ లేకుంటె రైలు, రైలు లేకుంటె మంచు. అన్నీ పోయినంక ఒక్కడు కూసుండి తాగుతడు. ఇంత ఏడుపును పైసలు పెట్టి కొనుక్కపోయిన జనం ఎసొంటి జనమో అని మొదట్ల నవ్వుకున్న. తర్వాత సిగ్గయింది. మనమేం తక్కువ తిన్నమా? అప్పగింతలప్పుడు ఏడ్వడానికి మనం బ్యాండోళ్ళకు బయానా ఇచ్చి మరీ మాట్లాడుకుంటం.

ఆ బ్యాండోళ్ళల్ల మా బాపు ఒకడు. ఒకడేంది, ఆయనే మాస్టర్. ముప్పై ఏండ్లు జనగామ చుట్టుపక్కల పెండ్లిళ్ళల్ల క్లారినెట్ ఊదిండు. మా బ్యాండ్‌ల కాయితాలుండవ్, స్వరాలు రాసుకునుడు ఉండది. ఒక్కటే పద్ధతి: ఇన్నది ఇన్నట్టు దించాలె. పాటల ఎక్కడన్న దగ్గు ఉంటె దగ్గు కూడ దించాలె అని బాపు అనేటోడు. మాస్టర్ ఏది ఊదితె అదే పాట, డ్రమ్ములు దాని ఎంబడి పోవాలె. ఇదెందుకు, అదెందుకు అని అడిగెటోడు బ్యాండ్‌ల ఉండొద్దు. మా సైడ్ డ్రమ్ కాకైతె ముప్పై ఏండ్లల్ల ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలే.

గసొంటి బాపు ఒకనాడు బండి మీదికెళ్ళి పడ్డడు. స్పీడ్ బ్రేకర్ కనిపియ్యలే. మీది వరుస పండ్లు నాలుగు పోయినయ్. డాక్టరు కట్టుడు పండ్లు పెట్టిండు, తీసి పెట్టుకునేటియి. మాట్లాడుతాంటె ఈలేసినట్టు సీటి వచ్చేది గని తిండికి మంచిగనే ఉన్నయ్. ఊదుటానికే సరిపడలే. క్లారినెట్ పట్టాలంటె మీది పండ్లు గట్టిగ ఆనాలె గదా, ఇవి ఆడ జారుడు మొదలువెట్టినయ్. అయినా ఇడిస్తె గదా! దంతాలపల్లి కాడ ఒక పెండ్లి బరాత్‌ల పెద్ద గొంతు తీస్తాంటె పండ్ల సెట్టు క్లారినెట్‌కు అతుక్కొని బయటికి వచ్చింది. నడిబజార్ల, పెట్రోమాక్సు లైట్ల ఎలుగుల. జనం కడుపు పట్టుకొని నవ్విండ్రు. ఒకడు వీడియో తీసిండు, వాని చెయ్యి ఇరగ! అది మా సుట్టాల ఫోన్లకు కూడ వచ్చింది.

ఇంటికొచ్చి క్లారినెట్‌ను పెట్టెల పెట్టిండు. మళ్ళ తియ్యలే. ఏడాది. మా అవ్వ, అంటె నన్ను కన్నతల్లి, పెట్టె మీది దుమ్ము తుడిస్తె "ఎందుకు తుడుస్తానవ్" అని కసిరేటోడు. బ్యాండ్‌ను ట్రంపెట్ ఊదే పిల్లగానికి అప్పజెప్పి, తను గడప మీద కూసుండి బీడీలు తాగుడు నేర్సిండు. అంతకుముందు ఊపిరి ఖరాబైతదని బీడీ ముట్టని మనిషి. నాకు పానం ఉసూరుమనేది. అడిగితె "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అనేటోడు. అబద్ధం ఆడుడు కూడ రాదు ఆయనకు.

ఒక ఆదివారం నేను ఇంటికి పోయిన. పరీక్ష దగ్గరికొచ్చింది, బట్టలు ఉతుక్కుంట ఫోన్ల గా గంటన్నర వీడియో పెట్టుకున్న. ఏడో ఎనిమిదో పాట నడుస్తాంది, ఒక్కడే మొగాయన, గొంతును అలల లెక్క ఊపుకుంట నిమ్మలంగ పాడుతాండు. గడప మీదికెళ్ళి బాపు లేచొచ్చిండు. బీడీ చేతులనే కాలుతాంది.

"ఎవలు బిడ్డా పాడేది? గొంతు ఎట్ల తిప్పుతాండో సూడు!"

"జపానాయన బాపూ."

"జపానా? మరి మన మోహన రాగం ఆయనకెట్ల దొరికింది?"

నేను సబ్బు చేతులతోనే ఫోన్ ఎత్తి టీచరమ్మ పంపిన కాయితం సదివి చెప్పిన. వాళ్ళు గా పాటలల్ల నాలుగో స్వరం, ఏడో స్వరం తీసేస్తరంట, దానికి పేరే గది పెట్టుకున్నరంట, నాలుగూ ఏడూ లేనిదని. బాపు వేళ్ళు మడిచి లెక్కపెట్టిండు. స, రి, గ, మ. నాలుగోది మ. ఇంకా మడిచిండు, ఏడోది ని. మోహనల లేనియి గవే గదా! ఆయన మొకం వెలిగిపోయింది. సముద్రాలు దాటిపోయి తన సొంత తమ్మున్ని కలుసుకున్నంత సంబురపడ్డడు. నేనూ ఎగిరిన, బట్టలు బకెట్లనే నాని సచ్చినయ్. ఆ పూట నేను ఒక్క అక్షరం సదువలే, ఇద్దరం కలిసి గంటన్నర పాటలు రెండుసార్లు విన్నం. ఇంకోసారి పెడ్తాంటె అవ్వ వచ్చి ఫోన్ గుంజుకున్నది.

సాయంత్రం పెట్టె మూత చప్పుడైంది. అవ్వా నేనూ ఒకల మొకం ఒకలు చూసుకున్నం, కదలలే. మొదలు పండ్లు పెట్టుకొని ఊదిండు: సీటి. మళ్ళ ఊదిండు: మళ్ళ సీటి. తర్వాత పండ్లు తీసి గిలాసల ఏసినట్టున్నడు, టపుక్కుమన్నది. పెదవులు రెండూ లోపటికి మడిచి ఊదిండు. కీచు గొంతు రాలే, ఎత్తు గొంతు రాలే. కిందికెళ్ళి, మెత్తగ, కొంచెం తడిగ ఒక చప్పుడొచ్చింది.

"పిల్లి ఏడుస్తాందా ఏంది?" అన్నది అవ్వ.

"ఊకో అవ్వా!" అన్న నేను. ఏడ్సిన కూడ.

గా పాటకు ఎత్తు గొంతు పనే లేదు. అంత కిందనే తిరుగుతది, నిమ్మలంగ, వణుక్కుంట. పండ్లు లేని నోటికి సరిగ్గ సరిపోయింది. బరాత్ పాటలు ఊదలేడు గని గిది ఊదగలడు.

ఆ పరీక్ష తప్పిన. బాపు సంబురంల నాకు దుఃఖమే రాలే. రెండోసారి తప్పినంక అవ్వ "ఇగ జపాన్ సాలు" అని భూపాలపల్లి సంబంధం తెచ్చింది. పిల్లగాడు బొగ్గుబాయిల పనిచేస్తడు. చూడొచ్చినప్పుడు ఏం పాటలు ఇంటరని అడిగిన, అన్నీ ఇంట అన్నడు. జపాన్‌యి ఇంటవా అన్న. భయపడి "ఇంట" అన్నడు. నాకు నచ్చిండు.

పెండ్లి ఖాయమైన నాడే మా ఇంట్ల లొల్లి మొదలైంది. సైడ్ డ్రమ్ కాక వచ్చి "మాస్టర్, నువ్వు పెండ్లిబిడ్డ తండ్రివి, తెల్లబట్టలు కట్టుకొని కూసో. మేం వాయిస్తం" అన్నడు. మంచి మాటే, గని బాపుకు గుచ్చుకున్నది.

"అప్పగింతల పాట నేనే ఊదుత. ఊదలేకపోయిననుకో, గా ట్రంపెట్ పిల్లగానికి నా క్లారినెట్ ఇచ్చేస్త. మళ్ళ జన్మల ముట్ట. నా బిడ్డ పెండ్లికి పనికిరాని ఊదుడు ఎవలికోసం?"

తమాషకు అన్న మాట కాదు. మా బాపు అన్నడంటె అన్నట్టే. అవ్వ అంతకన్న మొండిది. "పండ్లు లేని బోసినోటితోని వియ్యంకుల ముందట నిలబడి ఊదుతవా? ఇంక నా ఇజ్జత్ ఏముంటది? భూపాలపల్లోళ్ళు బస్సు దిగిన కాన్నుంచి కారెక్కేదాంక గా పండ్లు నోట్లనే ఉండాలె. తీసినవో, నేను మా అన్న ఇంటికి పోత" అన్నది. పండ్లుంటె పాట రాదు, పండ్లు తీస్తె అవ్వ ఉండది. బాపు అవ్వకూ తలూపిండు, తన మాటా ఇడువలే.

పాట నేర్సుడు గుట్టుగ నడిచింది. నన్ను ఇననియ్యలే, "పెండ్లినాడే ఇనాలె" అన్నడు. ఆయనది బటన్ల ఫోన్, గందుకని సైడ్ డ్రమ్ కాక నా ఫోన్ల పాట పెట్టి, దానికి తన ఫోన్ ఆనిచ్చి రికార్డ్ చేసుకపోయిండు. నేను అప్పుడు గోరింటాకు పెట్టుకుంట కూసున్న, పట్టిచ్చుకోలే. రెండు నెలలు గా రికార్డునే ఇనుకుంట బాపు దించిండు. ఫోన్ చేసినప్పుడల్ల ఒక్కటే మాట. "బిడ్డా, గా పాట కట్టినాయన మామూలోడు కాదే. నడుమల ఒక్కకాడ దుఃఖం ఆపి, జర నవ్వుతడు సూడు! ఎంత ధైర్యముండాలె గట్ల చెయ్యాలంటె!" నేను అవును బాపూ అన్న. పాటల నవ్వు ఎక్కడున్నదో నాకు యాదికి రాలే. ముసలాయన చెవికి ఏదో దొరికింది లెమ్మనుకున్న.

జనగామల ఫంక్షన్ హాల్. లగ్గం పగటీలి అయింది, బువ్వలైనయ్, నాలుగు గొట్టంగ అప్పగింతలు. బాపు పొద్దటికెళ్ళి పండ్లు తియ్యలే, వచ్చినోళ్ళందరితోని సీటి కొట్టుకుంట మాట్లాడిండు. నా చెయ్యి పట్టి మా అత్త చేతులల్ల పెట్టిండు. "జర కోపమెక్కువ, మంచి పిల్ల" అన్నడు. నన్ను గట్ల పరిచయం చేసుడు చూడుండ్రి! మా మేనత్తలు షురూ చేసిండ్రు, ఎక్కెక్కి ఏడుస్తాండ్రు. నాకే ఏడుపొస్తలేదు. నా గుండె కాయ కొట్టుకునుడంత బాపు ఊదుతడా లేదా అనే. ట్రంపెట్ పిల్లగాడు ఎప్పటి పాట ఎత్తుకోబోయిండు. బాపు చెయ్యి లేపి ఆపిండు.

గోడదిక్కు తిరిగిండు. మళ్ళ ఇటు తిరిగి నా చెయ్యి పట్టుకున్నడు. అందరు ఆశీర్వాదం అనుకున్నరు. నా అరచేతుల తడి తడిగ, వెచ్చగ ఏదో పడ్డది. "దర పత్తుకో బిద్దా" అన్నడు. ఏందో నాకు చూడకుంటనే తెలిసింది. పిడికిలి బిగించిన. అటుపక్క అవ్వకు బాపు మీది పెదవి లోపటికి పోయినట్టు కనవడ్డది, ఏడుపు టక్కున ఆగింది, కండ్లతోనే మనిషిని కొరికింది. ఆయన అటు చూడనే చూడలే. సైడ్ డ్రమ్ కాక క్లారినెట్ అందిచ్చిండు.

ఊదిండు. నేను ఎన్నిసార్లు ఇన్న పాట, గట్ల ఎన్నడూ ఇనలే. జపానాయన గొంతు ఎక్కడ వణికిందో బాపు ఊపిరి గక్కడనే వణికింది. పెద్దవంగర నుంచి వచ్చిన మా సుట్టాలు, భూపాలపల్లి బాయి పనోళ్ళు, వంటోళ్ళు, అందరు నోర్లు మూసిండ్రు. ఏడ్సేటోళ్ళు కూడ గుక్క ఆపి ఇన్నరు. ఏ భాషనో, ఎవల రేవో ఎవ్వలకు ఎరుక లేదు, గని ఎవరో పోతాండ్రని అందరికీ అర్థమైంది. మా మామ, అంటె నా పెనిమిటి తండ్రి, కండువతోని కండ్లు ఒత్తుకున్నడు. నాకు ఛాతి పొంగిపోయింది.

గప్పుడు వచ్చింది గా నవ్వు.

పాట సగంల టక్కున ఆగింది. సైడ్ డ్రమ్ మీద మూడు దెబ్బలు. క్లారినెట్‌ల "టుంటుం టుటుంటుం టూ!" ఇంకో మూడు దెబ్బలు. తర్వాత ఏం కానట్టే మళ్ళ దుఃఖం.

అది బోరు మోటరు అడ్వటైజు! ఎవుసం చేసే ప్రతి ఇంట్ల తెల్లారితె టీవీల ఇనొచ్చే మోటరు పాట. సైడ్ డ్రమ్ కాక రికార్డ్ చేస్తాంటె పాట నడుమల అడ్వటైజు దూరింది, ఆయన ఐదు సెకన్లకు దాన్ని దాటేసిండు, గా ఐదు సెకన్లు రికార్డుల కూసున్నయ్. ఇన్నది ఇన్నట్టు దించే బాపు గింజ తప్పకుంట దించిండు. ప్రశ్న అడుగని కాక దెబ్బ తప్పకుంట కొట్టిండు. జపాన్ పాట కట్టినాయన ధైర్యమని రెండు నెలలు మెచ్చుకున్నది మోటరునన్నమాట.

పెద్దవంగర పెదబాపు ముందుగాల గుర్తుపట్టిండు. "అరె, మోటరెయ్యుండ్రి, కరెంటొచ్చింది!" అని ఒర్రిండు. హాలు హాలంత పగిలింది. కండ్లల్ల నీళ్ళున్నోళ్ళు అట్లనే నవ్విండ్రు. మా మేనత్త ఒకామె నవ్వలేక కుర్సీల నుంచి జారింది.

బాపు వేళ్ళు ఆగినయ్.

ఆయనకు మోటరు సంగతి తెల్వదు, మాకు ఎవుసమూ లేదు, ఆయన టీవీ ముందట కూసునుడూ లేదు. ఆయనకు కనిపిచ్చింది జనం నవ్వుడే. బోసినోరు తెరిచి నిలబడ్డడు, ముందట అందరు నవ్వుతాండ్రు. నాకు పై పానాలు పైననే పోయినయ్. క్లారినెట్ మెల్లగ కిందికి దించుతాండు, ట్రంపెట్ పిల్లగాని దిక్కు చూస్తాండు. ఇచ్చేస్తడు, ఇగ ఇచ్చేస్తడు అనుకున్న.

మా మామ లేచిండు. బాయిల యంత్రాల నడుమ ముప్పై ఏండ్లు ఒర్లి ఒర్లి పెంచిన గొంతు ఆయనది.

"ఏయ్ బావా! ఆపినవేంది? గంత మంచి పాట! ఊదు, మళ్ళ మొదటికెళ్ళి ఊదు. గా మోటరు మాత్రం ఇడిచిపెట్టకు!"

బాపుకు మోటరేందో అర్థం కాలే. గని ఊదుమంటాండ్రని అర్థమైంది. ఒక్క చూపు నా దిక్కు చూసిండు. నేను పిడికిలి లేపి ఊపిన, పండ్లతోనే. మొదటికెళ్ళి ఎత్తుకున్నడు. మళ్ళ అందరు ఏడ్సిండ్రు, నిజంగ ఏడ్సిండ్రు. మోటరు కాడికి వచ్చేసరికి మూడొందలమంది కలిసి "టుంటుం టుటుంటుం టూ" అన్నరు, చప్పట్లు కొట్టిండ్రు, మళ్ళ ఏడుపుకు మళ్ళిండ్రు. మా అవ్వ కూడ అన్నది. నేను కండ్లార చూసిన, ఒట్టు. నవ్వుకుంట ఏడ్సుకుంట కారెక్కిన పెండ్లిపిల్ల జనగామల నేను ఒక్కదాన్నే ఉంటగావచ్చు.

పరకాల దాటినంక నా పెనిమిటి నా చెయ్యి పట్టుకుందామని మెల్లగ పిడికిలి ఇప్పిండు. పాపం, బాయిల ఎన్ని చూసిండో, గట్ల మాత్రం ఎన్నడూ ఒర్రలేదంట. నేను నవ్వుకుంటనే బాపుకు ఫోన్ చేసిన. అటుపక్క మస్తు లొల్లి.

"బాపూ, నీ పండ్లు నా దగ్గరనే ఉన్నయ్!"

"ఉందనీ బిద్దా. వాతితోని నాకేం పని? మీ మామ తమ్ముని బిద్ద పెంద్లి కాలేత్వరంలనంత. నన్నే రమ్మన్నదు, గా పాతనే కావాలంత. తరే గని ఫోన్ పెత్తు, ఇక్కద మనోల్లు ఇంకోతారి ఊదుమంతాంద్రు."

పెట్టేసిండు. కన్నబిడ్డను సాగనంపి రెండు గంటలు కాలే, తిన్నవా అనలే, ఏడ్సినవా అనలే, టప్పున ఫోన్ పెట్టేసిండు మా బాపు. గంత కోపిష్టిదాన్ని, నాకు ఒక్క ముక్క కోపం రాలే. పండ్లను పైటకొంగుల ముడేసుకొని, గా సంబురం తట్టుకోలేక, భూపాలపల్లి దాంక ఎక్కెక్కి ఏడ్సిన.